ఇరవై ఒకటో రిఫరెన్సు

మృణాళినికి మనుషుల మీద ఎంత అనుమానమో, పరిశోధన వ్యాసాల చివర ఉండే జాబితాల మీద అంతకు రెట్టింపు అనుమానం. విశాఖపట్నంలో ఒక వైజ్ఞానిక పత్రికకు ఆమె సంపాదకురాలు. ఎవరు ఏ వ్యాసం పంపినా మొదటి పేజీ ముట్టుకోదు. చివరి పేజీ తిప్పి, రిఫరెన్సుల జాబితా ముందు పెట్టుకుని, ఎర్రపెన్ను మూత తీస్తుంది.

వ్యాసం నడుస్తూండగా, ఈ మాట నాది కాదు, ఫలానా వారిది అని వాక్యం పక్కన పెట్టే అంకె సైటేషన్. ఆ ఫలానా వారెవరు, ఏ పుస్తకం, ఏ సంవత్సరం అని చివర్న విప్పి చెప్పేది రిఫరెన్సు. లోపల అంకె ఉండి చివర్న పేరు లేకపోతే రాసినవాడు దొంగ. చివర్న పేరుండి లోపల అంకె లేకపోతే చదవని పుస్తకాలు చదివానని గొప్పలు పోయేవాడు. ఇది మృణాళిని సూత్రం. రెంటిలో ఏది దొరికినా పైన "తిప్పి పంపవలెను" అని రాసి పక్కన పడేసేది. కుర్ర పరిశోధకులు ఆమె పేరు చెబితే జడుసుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల కొంచెం సంతోషించేది కూడా.

ఇలాంటి మనిషికి మొగుడి మీద అనుమానం పుడితే అది ఊరికే పోతుందా?

మొగుడి పేరు ఉమాకాంత్. మెదడు మీద పరిశోధన చేస్తాడు. నెమ్మదైన మనిషి, ఇంట్లో ఉప్పు తక్కువైనా అడగడు. ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం సంచిలోంచి బెత్తెడు వెడల్పున్న నల్లటి పట్టీ ఒకటి, దాంతోపాటు పలక లాంటి తెర ఒకటి తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"ఏటిరా అది, జొరం చూసే మిసనా?" అంది తల్లి సుభద్రమ్మ, వంజరం పులుసు గిన్నె దించుతూ.

"కాదమ్మా. దీని పేరు మూలపట్టీ. నుదుటికి కట్టుకుని ఏదన్నా మాట చెప్పు. ఆ మాట నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇది చూపిస్తుంది."

సుభద్రమ్మకు అలాంటి సరదాలు ఇష్టం. పట్టీ కట్టించుకుని, సర్దుకుని కూర్చుని, "చేపల పులుసు దించే ముందు మెంతిపొడి చల్లి మూతెట్టీయాల. కలపకూడదు. ఇది మా అమ్మ నేర్పిన పని," అంది.

తెర మీద ఆమె మాటలు అక్షరాలుగా వచ్చాయి. మెంతిపొడి పక్కన ఒక చుక్క వెలిగింది. చుక్క పక్కన "ఆడగొంతు" అని వచ్చింది.

"పుస్తకంలో చదివిన మాటైతే అంకె పడుతుంది, చివర జాబితా కూడా వస్తుంది. మనిషి నోట విన్నదైతే చుక్క. సొంతంగా పుట్టిందైతే ఏమీ పడదు. ఇప్పుడు చూడండి," అంటూ ఉమాకాంత్ చుక్క మీద వేలు పెట్టాడు.

బూడిదరంగులో ఒక బొమ్మ మెల్లగా తేలింది. పెంకుటింటి వసారా, పక్కకి దొర్లించిన రోలు, దాని వెనక అరతలుపు. మనుషులెవరూ లేరు. విన్న మాటతో పాటు, విన్న చోటు కూడా మనసుకి అంటుకుని ఉంటుందనీ, పేరూ మొహమూ చెరిగిపోయినా చోటు చెరగదనీ, తన పట్టీ ఆ చోటునే పైకి లాగుతుందనీ ఆయన చెబుతూనే ఉన్నాడు. సుభద్రమ్మ వినడం లేదు. తెర దగ్గరికి వంగి చూస్తోంది.

"ఇది మాయమ్మ ఇల్లు కాదు," అంది చివరికి. "ఆ అరతలుపు కామాక్షిది."

కామాక్షి ఆమె తోటికోడలు. వాటాల దగ్గర మాటా మాటా అనుకున్నాక ఒకరి గడప ఒకరు తొక్కలేదు. సుభద్రమ్మ పట్టీ విప్పి బల్ల మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో పులుసులో మెంతిపొడి పడలేదు. పులుసు చప్పబడిపోయిందని అందరికీ తెలిసినా ఎవరూ అనలేదు.

మృణాళిని అడిగింది ఇంకో సంగతి. "అంకెలకి చివర జాబితా వస్తుందన్నారు. మరి చుక్కలకి రాదా?"

"రాదు. మీ పత్రిక రూలే నేనూ పెట్టాను. నోటిమాటగా విన్నదాన్ని లోపల చెప్పాలి గానీ చివర జాబితాలో చేర్చకూడదని నువ్వేగా అందరికీ చెబుతావు. చదివేవాడు వెళ్లి వెతుక్కోడానికి అక్కడేమీ ఉండదు కదా."

నిజమే. ఆ రూలు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పుడు అందులో ఏ ఇబ్బందీ కనబడలేదు.

ఇబ్బంది ఆ వర్షాకాలంలో వచ్చింది. మూలపట్టీ మీద ఉమాకాంత్ రాసిన వ్యాసం ఆమె పత్రికకే చేరింది. మంచి చెడ్డలు చూసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు మెచ్చుకున్నారు. అంకెలూ జాబితా సరిపోయాయా లేదా అన్నది చూడటమే మృణాళిని పని. ఈ వ్యాసంలో కొత్తేమిటంటే, గుర్తులన్నీ ఉమాకాంత్ పెట్టినవి కావు, పట్టీ పెట్టినవి. ఆయన పట్టీ కట్టుకుని వ్యాసం మొత్తం చదివాడు, అది గుర్తులు వేసుకుంటూ పోయింది.

అంకెలన్నీ సరిపోయాయి. ఆమె తృప్తిగా పెన్ను మూత పెట్టబోతూ ఆగింది. వ్యాసానికంతటికీ ప్రాణమైన వాక్యం ఒకటుంది. "జ్ఞాపకానికి పేరు కంటే చోటు ముందుగా అంటుకుంటుంది." ఆ వాక్యం లేకపోతే వ్యాసమూ లేదు, పట్టీ కూడా లేదు. దాని పక్కన చుక్క ఉంది. చుక్క పక్కన ఆడగొంతు అని ఉంది.

పేజీలు తిప్పింది. ఆ వాక్యం తిరిగి వచ్చిన ప్రతిచోటా అదే చుక్క, అదే ఆడగొంతు.

తమ మధ్య మాటలెక్కడున్నాయి? గ్యాస్ బండ అయిపోయింది, మీ అమ్మగారి కళ్లద్దాలు విరిగాయి, ఇవే కదా. ఇంత పెద్ద ఆలోచన నోటితో చెప్పేటంత చనువు ఆయనతో ఎవరికుంది?

అనుమానానికి మొహం వెతకాల్సిన పని లేకపోయింది. ల్యాబులో పట్టీ యంత్రం నడిపే అమ్మాయి కెజియా. భీమిలి పిల్ల. ఉమాకాంత్ నోట రోజుకి రెండుసార్లైనా ఆ పేరు వస్తుంది. ఒకసారి ఇంటికొచ్చింది. టీ తాగినంతసేపూ ఉమాకాంత్ వైపు చూడలేదు, మృణాళినినే చూసింది. బల్ల మీదున్న ఎర్రపెన్ను చేతిలోకి తీసుకుని, "దీంతోనే రాస్తారా మేడమ్?" అని అడిగింది. వింత పిల్ల అనుకుంది మృణాళిని అప్పుడు. ఇప్పుడు వింతగా లేదు. మొగుణ్ణి పంచుకునేవాళ్లు అలాగే చూస్తారు కాబోలు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగేసింది.

"ఆ చుక్క ఎవరిది?"

ఉమాకాంత్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. "ఎవరో అన్నారు. గుర్తులేదు."

"పట్టీ కనిపెట్టిన మనిషికే గుర్తులేదా? వేలు పెడితే చోటు వస్తుందిగా."

"పెట్టలేదు."

"ఎందుకని?"

ఆయన మజ్జిగ గ్లాసు అటూ ఇటూ జరిపాడు. "చూస్తే నాది కాకుండా పోతుంది. నీకేం తెలుసు మృణాళినీ. పరీక్ష కోసమని కొన్నాళ్లు పట్టీ పెట్టుకునే తిరిగాను. నావనుకున్నవి ఒక్కటీ నావి కావు. పెళ్లిచూపుల్లో నీతో అన్నానే, నువ్వు నవ్వావు కూడా, అది మా హాస్టల్ రూమ్మేట్ మాట. నాన్న పోయినప్పుడు అమ్మకి చెప్పిన ధైర్యం ఏదో సినిమాలోది. ఇక మాట్లాడాలంటేనే భయం. ఈ ఒక్క వాక్యం నాదనుకోనీ."

మాటలో బాధ ఉంది. మృణాళిని అది విన్నది. అయినా ఆమెకు మరో సంగతే గట్టిగా వినిపించింది. ఆయన చూడలేదంటే, చూడకుండానే తెలుసన్నమాట.

మర్నాడు ఉమాకాంత్ యూనివర్సిటీ మీటింగుకి వెళ్లిన వేళ చూసి ఆమె ల్యాబుకి వెళ్లింది. సంపాదకురాలిగా వ్యాసంలో ఒక గుర్తు సరిచూడాలని కెజియాతో చెప్పింది. ఆ పిల్ల తడబడుతుందేమోనని చూసింది. కెజియా తడబడలేదు. ఎప్పటినుంచో ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు వెంటనే లేచి కుర్చీ జరిపింది. మృణాళినికి అది ఇంకా నచ్చలేదు.

"సార్ చదివినప్పటి రికార్డు ఉందండి. చుక్క మీద మీరే వేలు పెట్టండి," అంది కెజియా.

బొమ్మ తేలింది. ఏదో గది. హాస్టలు గదో, బీచి రోడ్డులో హోటలు గదో అవుతుందని మృణాళిని ముందుకు వంగి చూసింది. గట్టు కనబడింది. గట్టు మీద డబ్బాలు. ఒక డబ్బా మీద బోర్లించిన సోల. కిటికీకి సగానికి వేలాడే తెర, తెర మూల కాలిన చిల్లు. ఆ చిల్లు దీపావళి నాడు తన చేతి కాకరపువ్వొత్తి తగిలి పడింది.

"ఇది మా వంటిల్లు," అంది మృణాళిని.

"అవునండి. ఆ గొంతు మీదే," అంది కెజియా. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

అప్పుడు మృణాళినికి లీలగా గుర్తొచ్చింది. ఎప్పుడో బియ్యం ఏరుతూ, ఉమాకాంత్ ఏదో పేరు గుర్తురాక తల కొట్టుకుంటుంటే, "పేరు పోతుంది గానీ విన్న చోటు పోదండీ. పేరు కంటే చోటే ముందు అంటుకుంటుంది," అంది తను. ఆయన ఊఁ అన్నాడు. అంతే.

ముందు సిగ్గేసింది. ఇప్పటిదాకా సవతి అనుకుని తన మీద తనే అనుమానపడింది. ఆ సిగ్గు మెట్లు దిగేసరికే పోయి, దాని చోట గర్వం వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లూ ఒకరి వ్యాసాల తోకలు సరిచూసిన తను, ఊళ్లో అందరూ చెప్పుకుంటున్న పట్టీకి మూలం. బస్సులో ఎవరో కాలు తొక్కినా కోపం రాలేదు.

ఇంటికెళ్లి ఉమాకాంత్‌తో ఉన్నదున్నట్టు చెప్పింది.

"వ్యాసం మీద నా పేరు కూడా ఉండాలి," అంది.

"సరే," అన్నాడాయన. చేతిలోంచి ఏదో లాక్కుంటే పిల్లలు చూసే చూపు చూశాడు.

సుభద్రమ్మ వాకిట్లోంచి, "ఆ పట్టీ ఇంటికొచ్చినకాడ్నుంచి ఎవుడి మాట ఆడికి లేకుండా పోనాది. సముద్రంలో పారేయరాదా," అంది. ఎవరూ పట్టించుకోలేదు.

పేరు చేర్చాలంటే ఒక చిన్న పని మిగిలింది. ఆ వ్యాసానికి రచయితలెవరైనా పట్టీ కట్టుకుని చదవాలి. మృణాళిని మంచి చీర కట్టుకుని మరీ వెళ్లింది. అచ్చుకి సిద్ధమైన వ్యాసం ప్రతి సంచిలో పెట్టుకుంది. కెజియా పట్టీ కట్టింది.

"ఆ వాక్యం చదవండి మేడమ్."

మృణాళిని నింపాదిగా చదివింది. ఏ గుర్తూ పడకుండా దాని పక్కన ఖాళీగా ఉండటం చూడాలని వచ్చింది.

వాక్యం పక్కన అంకె పడింది.

"అంకేంటి? నేనెక్కడా చదవలేదే," అంది. "మిషను సరిగ్గా ఉందా?"

కెజియా అంకె మీద వేలు పెట్టింది. బల్ల కనబడింది, కిటికీ, కిటికీలోంచి హార్బరు క్రేన్లు. మృణాళిని ఆఫీసు అది. బల్ల మీద టైపు చేసిన కాగితం. ఆ వాక్యం పేజీలో కుడివైపు, కింద ఉంది. పేజీ నెత్తిన అడ్డంగా ఎర్రగీత. గీత పక్కన, రాసినవారి పేరు ఉండాల్సిన చోట, తడిచేత్తో తుడిచినట్టు మసక.

"ఆఫీసుకొచ్చిన వ్యాసమేదో," అంది మృణాళిని. "ఎన్నో వస్తాయి. అన్నీ గుర్తుండవు. ఎవరిదో..."

"అక్కడ మసగ్గా ఉంది చూశారా," అంది కెజియా. "అది నా పేరండి."

తన సంచిలోంచి ఒక వ్యాసం తీసి బల్ల మీద పెట్టింది. మడతలు పడి అంచులు నలిగిపోయాయి. నెత్తిన ఎర్రసిరాతో మృణాళిని దస్తూరీ. "జాబితాలో 21వ రిఫరెన్సుకు వ్యాసంలో సైటేషన్ లేదు. తిప్పి పంపవలెను."

"సరిచేసి మళ్లీ పంపాల్సింది కదా," అంది మృణాళిని. అలవాటు కొద్దీ వచ్చిన మాట.

"ఆ ఏడాది అచ్చు కాకపోతే ఫెలోషిప్ ఆపేస్తామన్నారండి. ఆపేశారు. పీహెచ్‌డీ అక్కడితో పోయింది. ఆపరేటరు ఉద్యోగం ఉందంటే ఇక్కడికొచ్చాను. వచ్చిన మొదటిరోజే సార్ నోట నా వాక్యం విన్నాను." కెజియా ఎక్కడా గొంతు పెంచలేదు. "నేను దాన్ని ఒక్క చోటికే పంపాను మేడమ్, మీ దగ్గరికి. భార్య అక్కడ తిప్పి పంపింది, భర్త ఇక్కడ పట్టీ చేశాడు. నా చోట మీరుంటే ఏం అనుకుంటారు?"

"నేను కావాలని చెయ్యలేదు. ఒట్టు. నాకసలు గుర్తే లేదు."

"అది ఇప్పుడే తెలిసిందండి. కావాలని చేసుంటే పేరు కూడా కనబడేది."

ఆ మాట మృణాళినికి చెంపదెబ్బలా తగిలింది. దొంగ కాదని తేలింది. కానీ పేరైనా చదవని మనిషని తేలింది. రికార్డు చెరిపే మీట చేతికందేంత దూరంలో ఉంది. కెజియా దాన్ని చూస్తోంది, మృణాళిని చూస్తోందా అని కూడా చూస్తోంది. ఒక్క క్షణం మృణాళిని చూసింది. గదిలో ఉన్నది ఇద్దరే. ఆ పిల్ల మాట ఎవరు నమ్ముతారు?

చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ ఇరవై ఒకటోది, లోపల వాడుకోనప్పుడు జాబితాలో ఎందుకు పెట్టావు?" అని అడిగింది.

కెజియా చివరి పేజీ తిప్పి ముందుకు తోసింది. ఇరవై ఒకటి దగ్గర మృణాళిని పేరుంది. కింద ఆమె పత్రిక పేరు, ఎప్పటిదో సంవత్సరం.

"మా కాలేజీ లైబ్రరీలో పాత సంచికలో చదివానండి. అరపేజీ. చదివింది ఎడమవైపు పేజీలో కిందనుందని గుర్తుంటుంది గానీ పుస్తకం పేరు ఎందుకు గుర్తుండదని అడిగారు మీరు. జవాబు రాయలేదు. ఆ జవాబే వెతికాను నేను. వ్యాసమంతా మీ ప్రశ్నే. ఒక్క వాక్యం పక్కన అంకె పెడితే మిగతావాటికి మీరు మూలం కారన్నట్టు ఉంటుందనిపించింది. అందుకని లోపల ఎక్కడా పెట్టలేక చివర్న మాత్రం రాశాను. మీ పేరు చూసుకుని సంతోషిస్తారనుకున్నాను."

మృణాళినికి ఏడుపొచ్చింది. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, పత్రికలో ఖాళీ మిగిలితే పూడ్చడానికి రాసిన ముక్క అది. రాసిన సంగతి ఇంట్లోవాళ్లకే తెలియదు, తను కూడా మరిచిపోయింది. లోకంలో ఒక్క పిల్ల చదివింది. ఆ పిల్లను గొప్పలు పోయేదని కొట్టి పంపేసింది తను.

సంచిలోంచి తమ వ్యాసం తీసింది. ఉమాకాంత్ పేరు, పక్కనే కొత్తగా ఎక్కిన తన పేరు. ఎర్రపెన్ను మూత తీసి నెత్తిన రాసింది. "మూలవ్యాసం ముందు అచ్చు కావలెను. అంతవరకు తిప్పి పంపవలెను." ఆయనకి మిగిలిందనుకున్న ఆ ఒక్క వాక్యం కూడా దీంతో పోతుంది. ఇంటికెళ్లి ఆ మొహం ఎలా చూడాలో ఆమెకు తెలియదు. పట్టీ విప్పడానికి చేతులెత్తింది.

"తియ్యకండి మేడమ్," అంది కెజియా. "ఇలాంటివి రాసి ఇంటికెళ్లాక మనసు మారినవాళ్లని చూశాను. నాతో ఏదన్నా చెప్పాలనుకుంటే పట్టీతోనే చెప్పండి."

మృణాళిని తల దించుకుంది. "నన్ను క్షమించు కెజియా."

చుక్క వెలిగింది. మగగొంతు. మైకులూ కుర్చీలూ ఉన్న హాలొకటి తేలింది.

"ఎవరిదో ఉపన్యాసమండి," అంది కెజియా.

"నీకు జరిగిన అన్యాయం..." అని మొదలుపెట్టిందో లేదో అంకె పడింది. ఏ నవలలోదో. మృణాళిని ఆపేసింది. మొగుడు మాట్లాడటానికి ఎందుకు భయపడ్డాడో ఆమెకు అప్పుడు తెలిసింది. పాత వ్యాసం చివరి పేజీ దగ్గరికి లాక్కుని ఇరవై ఒకటో అంకె మీద వేలు పెట్టింది. బయట ఎవరో ట్రేలో గ్లాసులు సర్దుకుంటూ వెళ్లారు.

"ఇరవై ఒకటోది నేను చదవలేదు," అంది చివరికి. "దానికి అంకె లేదని మాత్రం చూశాను."

అక్షరాలు తెర మీదికి వచ్చి ఆగాయి. కెజియా ముందుకు వంగింది. యంత్రం ఆలస్యం చేస్తోందేమోనని చాలాసేపు చూసింది. చుక్క రాలేదు, అంకె పడలేదు. అప్పుడు లేచి మృణాళిని వెనక్కి వచ్చి, ఆమె నుదుటి మీదున్న పట్టీ ముడి తనే విప్పింది.